ఇంగ్లిష్‌లో "తప్పు" చెప్పడం ఎలా: మిస్టేక్ నుంచి బ్లండర్ దాకా ఏ మాట ఎక్కడ వాడాలి

లెక్కలో తప్పు, మాటలో తప్పు, "తప్పు నాదే", "తప్పుగా అనుకోకండి", "తప్పు నంబరు". తెలుగులో వీటన్నిటికీ ఒకటే మాట సరిపోతుంది. ఇంగ్లిష్ ఈ పనిని చాలా మాటలకు పంచేసింది: మిస్టేక్, ఎర్రర్, ఫాల్ట్, రాంగ్, స్లిప్, ల్యాప్స్, ఓవర్‌సైట్, బ్లండర్. ఇవి మనలో చాలామందికి తెలిసిన మాటలే. చిక్కు వచ్చేది వాటిని వాక్యంలో పెట్టేటప్పుడు. ఏ మాట పక్కన ఏ క్రియ రావాలి, ఆఫీసు మెయిల్‌లో ఏది బాగుంటుంది, స్నేహితులతో ఏది నప్పుతుంది అన్నది తెలియక తడబడతాం. అందుకే ముందు క్రియ, తర్వాత మాట ఎంపిక, ఆ తర్వాత తప్పు ఒప్పుకోవడం, ఎదుటివాళ్ల తప్పు చూపించడం. జాతీయాలు చివర్లో. కొత్తగా నేర్చుకునేవాళ్లు జాతీయాలతో మొదలుపెట్టాలని చూస్తారు, కానీ క్రియ కుదరకుండా జాతీయం ఎంత బాగా వాడినా వాక్యం నిలబడదు.

డూ కాదు, మేక్

తెలుగులో తప్పు "చేస్తాం" కాబట్టి "ఐ డిడ్ ఎ మిస్టేక్" అని నోటికి వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో మిస్టేక్‌కు జతపడే క్రియ మేక్. "ఐ మేడ్ ఎ మిస్టేక్." "షీ హ్యాజ్ మేడ్ ఎ మిస్టేక్." "ఐ కీప్ మేకింగ్ ద సేమ్ మిస్టేక్." ఎర్రర్‌కూ ఇదే క్రియ: "ఐ మేడ్ యాన్ ఎర్రర్ ఇన్ ద రిపోర్ట్."

ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా ప్రశ్న దగ్గర జారిపోతారు. "వాట్ మిస్టేక్ డిడ్ ఐ డూ?" అనేస్తారు. అక్కడ "డిడ్" ప్రశ్న కోసం వచ్చిన సహాయక క్రియ మాత్రమే, అసలు క్రియ చివర్లో ఉంటుంది, అది మేక్ కావాలి: "వాట్ మిస్టేక్ డిడ్ ఐ మేక్?" వ్యతిరేకంలోనూ అంతే: "ఐ డిడంట్ మేక్ ఎనీ మిస్టేక్."

ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్లు ఇంకోచోట దెబ్బతింటారు. "డిడ్ ఐ డూ సంథింగ్ రాంగ్?" అన్నది సరైన వాక్యమే. ఇక్కడ చేసింది "సంథింగ్", అది రాంగ్ అయింది. దీన్ని "మేక్ సంథింగ్ రాంగ్" అని మార్చకూడదు. కాబట్టి మిస్టేక్, ఎర్రర్ వస్తే మేక్, సంథింగ్ రాంగ్ వస్తే డూ.

"కమిట్" అనే క్రియ నేరాలకు, ఘోరమైన తప్పులకు వాడేది. "కమిట్ ఎ క్రైమ్", "కమిట్ ఎ బ్లండర్" బాగుంటాయి. ఇన్‌వాయిస్‌లో తేదీ తప్పు పడినందుకు "ఐ కమిటెడ్ ఎ మిస్టేక్" అంటే చిన్న విషయానికి కోర్టులో నిలబడి వాంగ్మూలం ఇచ్చినట్టు ఉంటుంది. మేక్‌తో ఆగిపోవడం మేలు.

మిస్టేక్ లెక్కపెట్టగలిగే నామవాచకం. అందువల్ల ఏకవచనంలో ముందు ఎ, ద, మై, దిస్ లాంటి మాట ఏదో ఒకటి ఉండాలి. "ఐ మేడ్ మిస్టేక్" అసంపూర్ణం. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఇది తరచూ ఎగిరిపోతుంది. ఎర్రర్ అచ్చుతో మొదలవుతుంది కనుక "యాన్ ఎర్రర్". బహువచనంలో ఎస్ పెట్టడం మరవద్దు: "సో మెనీ మిస్టేక్స్", "వన్ ఆఫ్ ద మిస్టేక్స్". వన్ అన్నాం కదా అని తర్వాతి మాటను ఏకవచనంలో పెట్టేయడం బాగా అలవాటైన పొరపాటు. చాలా తప్పుల్లో ఒకటి అని చెబుతున్నాం కాబట్టి అక్కడ బహువచనమే ఉండాలి.

మిస్టేక్ తర్వాత ఏం రావాలన్నది ఇంకో మెలిక. తప్పు ఎక్కడుందో చెప్పడానికి "ఇన్": "దేర్ ఈజ్ ఎ మిస్టేక్ ఇన్ ద బిల్." ఏం చేసి తప్పు చేశామో చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి "ఐ మేడ్ ద మిస్టేక్ ఆఫ్ ట్రస్టింగ్ హిమ్", రెండోది "ఇట్ వాజ్ ఎ మిస్టేక్ టు ట్రస్ట్ హిమ్". మొదటిదాంట్లో "ద", "ఆఫ్", "ఇంగ్" మూడూ కలిసి వస్తాయి. రెండోదాంట్లో "ఎ", "టు", మామూలు క్రియ. ఈ రెండింటినీ కలిపేసి "ఐ మేడ్ ఎ మిస్టేక్ టు ట్రస్ట్ హిమ్" అంటే అతుకులు బయటపడతాయి. స్పెల్లింగ్ తప్పుకు "మిస్టేక్ ఆఫ్ స్పెల్లింగ్" అనక్కర్లేదు, "స్పెల్లింగ్ మిస్టేక్" చాలు.

బై మిస్టేక్, మిస్టేకన్, మిస్టుక్

"బై మిస్టేక్‌లీ" అనే మాట లేదు. "బై మిస్టేక్" అనాలి, లేదంటే "మిస్టేకన్లీ" అనాలి. రెండింటినీ కలపకూడదు. "బై మై మిస్టేక్" కూడా కుదరదు. స్థానం కూడా చూసుకోండి: "బై మిస్టేక్" సాధారణంగా వాక్యం చివర వస్తుంది, "ఐ టుక్ యువర్ బ్యాగ్ బై మిస్టేక్." "మిస్టేకన్లీ" క్రియకు ముందు వస్తుంది, "ఐ మిస్టేకన్లీ డిలీటెడ్ ద ఫైల్."

"బై మిస్టేక్"కూ "బై యాక్సిడెంట్"కూ కొంచెం తేడా ఉంది. ఒకదాన్ని ఇంకొకటి అనుకుని చేసిన పనికి బై మిస్టేక్ బాగా నప్పుతుంది: మీ గొడుగు అనుకుని పక్కవాళ్ల గొడుగు పట్టుకెళ్లడం. అసలు చేయాలనే ఉద్దేశమే లేకుండా జరిగిపోయినదానికి బై యాక్సిడెంట్: చెయ్యి తగిలి గ్లాసు పగలడం. రెండింటికీ వ్యతిరేకం "ఆన్ పర్పస్", కావాలని చేయడం. "ఐ డిడంట్ డూ ఇట్ ఆన్ పర్పస్" అంటే కావాలని చేయలేదు అని.

మిస్టేక్ క్రియగా కూడా ఉంటుంది. మూడు రూపాలు: మిస్టేక్, మిస్టుక్, మిస్టేకన్. ఒకరిని చూసి ఇంకొకరనుకుంటే "ఐ మిస్టుక్ హిమ్ ఫర్ హిజ్ బ్రదర్." ఇక్కడ "ఫర్" తప్పనిసరి, "యాజ్" పెట్టకూడదు. "యూ ఆర్ మిస్టేకన్" అంటే మీరు పొరబడ్డారు అని. "ఇఫ్ ఐ యామ్ నాట్ మిస్టేకన్" అంటే నేను పొరబడకపోతే అని. మీటింగుల్లో ఇది చాలా పనికొస్తుంది.

మన దగ్గర "డోంట్ మిస్టేక్ మి" బాగా వాడుకలో ఉంది. మరోలా అనుకోవద్దు అన్నది మన ఉద్దేశం. బయటి దేశాల ఇంగ్లిష్ అలవాటైనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, "మిస్టేక్ మి" అంటే ఎవరనుకుని పొరబడవద్దంటున్నారో అని వెతుక్కుంటారు. సరైన మాట "డోంట్ గెట్ మి రాంగ్." మర్యాద ఎక్కువ కావాలంటే "ప్లీజ్ డోంట్ మిస్‌అండర్‌స్టాండ్ మి."

మిస్టేక్, ఎర్రర్, ఫాల్ట్, రాంగ్

ఈ నాలుగూ కుదిరితే రోజువారీ అవసరాల్లో చాలా భాగం తీరిపోతుంది.

మిస్టేక్ మనుషుల మాట. ఇంట్లో, ఆఫీసులో, ఎక్కడైనా చెల్లుతుంది. ఎర్రర్ ఒక ప్రమాణంతో పోల్చి చూసినప్పుడు తేలే తేడా. అందుకే యంత్రాలకు, లెక్కలకు, శాస్త్రానికి, అధికారిక రాతకు ఎర్రర్. వెబ్ పేజీ దొరక్కపోతే 404 ఎర్రర్ వస్తుంది, 404 మిస్టేక్ రాదు. సర్వేల్లో "మార్జిన్ ఆఫ్ ఎర్రర్", గణాంకశాస్త్రంలో "స్టాండర్డ్ ఎర్రర్", "టైప్ వన్ ఎర్రర్", విమాన ప్రమాదాల నివేదికల్లో "హ్యూమన్ ఎర్రర్", దస్తావేజుల్లో "క్లెరికల్ ఎర్రర్". ఇవన్నీ స్థిరపడిన జంటలు. వీటిలో ఎర్రర్ తీసి మిస్టేక్ పెట్టడానికి లేదు. అలాగే "ట్రయల్ అండ్ ఎర్రర్", చేసి చూసి దిద్దుకుంటూ నేర్చుకోవడం. స్పెల్లింగ్ విషయంలో మాత్రం "స్పెల్లింగ్ మిస్టేక్", "స్పెల్లింగ్ ఎర్రర్" రెండూ సరే.

భాషా బోధనలో ఈ రెండు మాటలకూ ఇంకా కచ్చితమైన తేడా ఉంది. 1967లో భాషాశాస్త్రవేత్త పిట్ కోర్డర్ ఈ విభజన చేశారు. నియమం తెలియక, పదేపదే ఒకేలా చేసేది ఎర్రర్. నియమం తెలిసీ అలసటవల్లో తొందరవల్లో జారేది మిస్టేక్. మిస్టేక్‌ను మనం చూసిన వెంటనే దిద్దుకోగలం, ఎర్రర్‌ను ఎవరైనా చెబితే తప్ప దిద్దుకోలేం. మీ ఇంగ్లిష్‌ను మీరు పరీక్షించుకునేటప్పుడు ఇది చాలా ఉపయోగపడే గీటురాయి. రాసింది మళ్లీ చదివినప్పుడు మీకే దొరికినవి వదిలేయండి. దొరకకుండా ఇంకొకరు చూపించినవి మాత్రం ఒకచోట రాసుకోండి, నేర్చుకోవాల్సింది వాటిలోనే ఉంది.

ఫాల్ట్‌కు రెండు అర్థాలు. ఒకటి బాధ్యత: "ఇట్స్ మై ఫాల్ట్", అంటే దీనికి కారణం నేనే. రెండోది లోపం: "ఎ ఫాల్ట్ ఇన్ ద వైరింగ్". "ఐ మేడ్ ఎ ఫాల్ట్" అనకూడదు. టెన్నిస్‌లో మాత్రం సర్వీసు తప్పితే ఫాల్ట్, వరసగా రెండుసార్లు తప్పితే డబుల్ ఫాల్ట్. అదే ఆటలో ఎదుటివాడి ఒత్తిడి లేకుండా చేజేతులా పోగొట్టుకున్న పాయింట్‌కు "అన్‌ఫోర్స్డ్ ఎర్రర్" అంటారు.

మిస్టేక్‌నూ ఫాల్ట్‌నూ ఒకటిగా తీసుకుంటే ఇబ్బంది వస్తుంది. రైలు ఆలస్యమై మీరు ఇంటర్వ్యూకు సమయానికి చేరలేదనుకోండి. "ఇట్స్ నాట్ మై ఫాల్ట్" అనాలి, ఎందుకంటే అక్కడ మీరు చేసిన మిస్టేక్ ఏదీ లేదు, బాధ్యత గురించే మాట. తప్పు ఫోన్ నంబరు డయల్ చేస్తే "సారీ, మై మిస్టేక్" చాలు. దానికి "ఇట్స్ మై ఫాల్ట్" అంటే నేరం నెత్తిన వేసుకున్నట్టు అవుతుంది. "ద మిస్టేక్ ఈజ్ మైన్" వ్యాకరణపరంగా తప్పేమీ కాదు, కానీ మామూలు మాటల్లో "ఇట్ వాజ్ మై మిస్టేక్" సహజం. "ఫైండ్ ఫాల్ట్ విత్" అంటే తప్పులెన్నడం. ఇందులో ఫాల్ట్‌కు ఎస్ చేర్చరు, తర్వాత "విత్" రావాలి.

రాంగ్ విశేషణం. "ఐ వాజ్ రాంగ్" అంటే నేను అనుకున్నది సరికాదు అని. "ఐ డిడ్ రాంగ్" అంటే నీతి తప్పాను అని. రెండింటికీ చాలా దూరం. అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన పద్ధతి "గెట్ సంథింగ్ రాంగ్". తేదీ తప్పుగా అనుకున్నారా? "ఐ గాట్ ద డేట్ రాంగ్." పేరు తప్పు పలికారా? "సారీ, ఐ గాట్ యువర్ నేమ్ రాంగ్." క్రియకూ రాంగ్‌కూ మధ్యలో వస్తువు రావాలి. "ఐ గాట్ రాంగ్ ద డేట్" అనకూడదు. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లు మిస్టేక్ అనే మాటే ఎత్తకుండా ఈ పద్ధతిలో చాలా సంభాషణ నడిపేస్తారు. దీనికి తోడు "గో రాంగ్": "సంథింగ్ వెంట్ రాంగ్", "వేర్ డిడ్ ఐ గో రాంగ్?"

ఒక జాగ్రత్త. దిగులుగా కూర్చున్నవాళ్లను "వాట్స్ రాంగ్?" అని అడిగితే ఆప్యాయత. దానికి "విత్ యూ" తగిలించి "వాట్స్ రాంగ్ విత్ యూ?" అంటే చాలాసార్లు "నీకేమైనా పిచ్చా?" అన్నట్టు వినిపిస్తుంది. రెండు మాటల తేడాతో పరామర్శ కాస్తా తిట్టు అయిపోతుంది.

ఎందుకు జరిగిందో చెప్పే మాటలు

మనుషులు చేసే తప్పులను మనస్తత్వశాస్త్రవేత్త జేమ్స్ రీజన్ విడదీసిన తీరు ఈ మాటలు గుర్తుపెట్టుకోవడానికి బాగా సాయపడుతుంది. అనుకున్నది సరైనదే అయినా చెయ్యి, నోరు పక్కకు పోతే స్లిప్. చేయాల్సింది మరిచిపోతే ల్యాప్స్. అసలు అనుకున్నదే తప్పయితే మిస్టేక్ (కోర్డర్ మిస్టేక్‌కు ఇచ్చిన అర్థం వేరు, ఇది వేరు). మందు సీసా సరైనదే తీయాలనుకుని పక్క సీసా తీయడం స్లిప్, మందు వేసుకోవడం మరిచిపోవడం ల్యాప్స్, ఆ రోగానికి ఆ మందే సరైనదని పొరబడటం మిస్టేక్.

నోరు జారితే "ఎ స్లిప్ ఆఫ్ ద టంగ్", రాతలో జారితే "ఎ స్లిప్ ఆఫ్ ద పెన్". మరిచిపోయానని చెప్పడానికి "ఇట్ స్లిప్ట్ మై మైండ్". ఇక్కడ కర్త "ఇట్", నేను కాదు. మరిచినందుకు "ఐ ఫర్‌గాట్" అనేకన్నా ఇది మెత్తగా ఉంటుంది. ఏకాగ్రత తప్పితే "ఎ ల్యాప్స్ ఇన్ కాన్సంట్రేషన్", భద్రతలో లోపం జరిగితే "ఎ సెక్యూరిటీ ల్యాప్స్".

ఓవర్‌సైట్ అంటే చూడాల్సింది చూడకపోవడం వల్ల జరిగిన లోపం. ఆఫీసు రాతకు ఇది చాలా మంచి మాట, ఎందుకంటే తప్పు ఒప్పుకుంటూనే దురుద్దేశం లేదని చెబుతుంది: "యువర్ నేమ్ వాజ్ లెఫ్ట్ అవుట్ డ్యూ టు యాన్ ఓవర్‌సైట్." అయితే ఇదే మాటకు పర్యవేక్షణ అనే అర్థం కూడా ఉంది, "ఓవర్‌సైట్ కమిటీ" అంటే పర్యవేక్షక సంఘం. సందర్భమే తేలుస్తుంది. క్రియ కావాలంటే "ఓవర్‌లుక్": "ఐ ఓవర్‌లుక్డ్ దిస్ పాయింట్." ఓవర్‌సీ అంటే మాత్రం పర్యవేక్షించడమే.

రెండు వస్తువులో, ఇద్దరు మనుషులో, రెండు తేదీలో తారుమారైతే "మిక్స్-అప్". "దేర్ హ్యాజ్ బీన్ ఎ మిక్స్-అప్ విత్ ద టికెట్స్" అంటే ఎవరి మీదా నింద పడదు. టైపింగులో తప్పితే "టైపో". సాఫ్ట్‌వేర్‌లో తప్పుకు "బగ్", మామూలు అర్థంలో పురుగు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ టూ కంప్యూటర్‌లో దొరికిన చిమ్మటను లాగ్ పుస్తకంలో అతికించారు. ఆ మాట అక్కడే పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, యంత్రాల్లో లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ 1878 నాటికే చేశాడు.

ఇక "మిస్" అనే ఉపసర్గ ఒక్కటి పట్టుకుంటే డజను క్రియలు చేతికొస్తాయి. మిస్‌రీడ్, మిస్‌హియర్, మిస్‌జడ్జ్, మిస్‌క్యాల్‌క్యులేట్, మిస్‌ప్లేస్, మిస్‌ప్రనౌన్స్, మిస్‌కోట్, మిస్‌ఇంటర్‌ప్రెట్. "ఐ రాంగ్లీ హర్డ్ ఇట్" అని అల్లుకునే బదులు "ఐ మిస్‌హర్డ్ యూ" అనేయొచ్చు. మిస్‌రీడ్ భూతకాలంలో స్పెల్లింగ్ మారదు, పలకడం మాత్రం "మిస్‌రెడ్". ఒక హెచ్చరిక: "ఐ మిస్‌ప్లేస్డ్ మై కీస్" అంటే ఎక్కడో పెట్టి మరిచాను, దొరుకుతాయి అని. పూర్తిగా పోయినవాటికి "లాస్ట్".

ఎంత పెద్ద తప్పు?

చదరంగం ఆటలను విశ్లేషించేవాళ్ల దగ్గర దీనికి చక్కని కొలబద్ద ఉంది. ఎత్తు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే అది మిస్టేక్. రెండు ప్రశ్నార్థకాలు పెడితే బ్లండర్, అంటే ఆటనే పోగొట్టగల ఎత్తు. మామూలు ఇంగ్లిష్‌లోనూ అదే నిష్పత్తి. బ్లండర్ అంటే అజాగ్రత్తతోనో తెలివితక్కువగానో చేసిన పెద్ద తప్పు. మన దగ్గర "బ్లండర్ మిస్టేక్" అని వాడేస్తుంటారు. బ్లండర్‌లోనే మిస్టేక్ ఉంది, కాబట్టి "ఇట్ వాజ్ ఎ బ్లండర్" చాలు. విశేషణం కావాలనిపిస్తే "ఎ టెరిబుల్ మిస్టేక్", "ఎ హ్యూజ్ మిస్టేక్" అనండి. ఎదుటివాళ్లు చేసినదాన్ని వాళ్ల ముఖం మీదే బ్లండర్ అనకండి, అందులో అవమానం ఉంటుంది.

మిస్టేక్‌కు జత కుదిరే విశేషణాలు కొన్ని: నష్టం తెచ్చేది "కాస్ట్లీ", అందరూ చేసేది "కామన్", కొత్తవాళ్లు చేసేది "రూకీ", దురుద్దేశం లేనిది "ఆనెస్ట్". హెచ్ పలకదు కనుక "యాన్ ఆనెస్ట్ మిస్టేక్". ఎర్రర్‌కు కుదిరేవి: తీవ్రమైనది "గ్రేవ్", కొట్టొచ్చినట్టు కనిపించేది "గ్లేరింగ్", చిన్నది "మైనర్". "కేర్‌లెస్ మిస్టేక్" మీ గురించి మీరు చెప్పుకుంటే నిజాయతీ, ఇంకొకరి గురించి అంటే నింద. "సిల్లీ మిస్టేక్" పరీక్ష పేపరు గురించి మాట్లాడేటప్పుడు సరే, కస్టమర్‌కు నష్టం జరిగినప్పుడు వాడితే మీరు దాన్ని తేలిగ్గా తీసుకుంటున్నట్టు ఉంటుంది.

నలుగురిలో అనకూడని మాట అనేస్తే "గ్యాఫ్". రాజకీయ నాయకుల నోటి జారుడు గురించి పత్రికల్లో కనిపించే మాట ఇదే. మర్యాద తప్పితే "ఫో పా". ఫ్రెంచి నుంచి వచ్చింది, ఎక్స్, ఎస్ రెండూ పలకవు, "ఫాక్స్ పాస్" అని చదివితే అదే ఒక ఫో పా అవుతుంది. ఇక "ఫియాస్కో", "డిబాకిల్" అనేవి ఒక మనిషి చేసిన తప్పుకు వాడరు, మొత్తం కార్యక్రమం బెడిసికొడితే వాడతారు.

తప్పు ఒప్పుకునేటప్పుడు

మెయిల్‌లో నాలుగు మెట్లు చాలు: తప్పేంటో పేరుపెట్టి చెప్పడం, క్షమాపణ, ఏం సరిచేశారో చెప్పడం, ఎదుటివాళ్లు ఏం చేయాలో చెప్పడం. ఒక నమూనా:

"ఐ సెంట్ యూ ద రాంగ్ ఫైల్ దిస్ మార్నింగ్. ఐ అపాలజైజ్ ఫర్ ద ఎర్రర్. ద కరెక్ట్ వెర్షన్ ఈజ్ అటాచ్డ్. ప్లీజ్ డిలీట్ ద ఎర్లియర్ వన్."

ఇంతకంటే పొడిగిస్తే సాకులు మొదలవుతాయి. "సారీ" తర్వాత ఏం రావాలో గమనించండి. జరిగిపోయినదానికి "ఫర్" తర్వాత నామవాచకం లేదా ఇంగ్ రూపం: "సారీ ఫర్ ద డిలే", "సారీ ఫర్ సెండింగ్ ద రాంగ్ ఫైల్". "సారీ ఫర్ సెండ్" కుదరదు. ఇప్పుడు చేయబోయే పనికి "టు": "సారీ టు డిస్టర్బ్ యూ". "అపాలజీ" నామవాచకం, "అపాలజైజ్" క్రియ. "ఐ అపాలజీ ఫర్" అని రాయడం చాలా మెయిళ్లలో కనిపిస్తుంది. "ఐ అపాలజైజ్ ఫర్" లేదా "మై అపాలజీస్ ఫర్" అని రాయాలి.

కర్త లేకుండా "మిస్టేక్స్ వర్ మేడ్" అని రాయకండి. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ కాంగ్రెస్‌లో చేసిన వార్షిక ప్రసంగంలో ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి "సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్" అన్నారు. ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకునే వాక్యానికి ఇంగ్లిష్‌లో ఇది నమూనాగా మిగిలిపోయింది. మీరు చేసి ఉంటే "ఐ", మీ టీమ్ చేసి ఉంటే "వుయ్" పెట్టండి.

సరిదిద్దడానికి వాడే క్రియలకూ జతలున్నాయి. బగ్‌ను "ఫిక్స్" చేస్తారు, ఎర్రర్‌ను "కరెక్ట్" చేస్తారు, అధికారిక ఉత్తరంలో "రెక్టిఫై" చేస్తారు. మిస్టేక్‌ను "రిపేర్" చేయరు. దాచకుండా ఒప్పుకోవడం "ఓన్ అప్ టు": "హి ఓన్డ్ అప్ టు హిజ్ మిస్టేక్." చర్చలో మీరు చెప్పింది తప్పని ఎవరైనా చూపిస్తే "ఐ స్టాండ్ కరెక్టెడ్" అంటే హుందాగా ఉంటుంది. "మై బ్యాడ్" స్నేహితుల మధ్య చిన్న పొరపాట్లకు మాత్రమే, డబ్బు నష్టం జరిగినచోట అది నిర్లక్ష్యంలా తోస్తుంది. అచ్చయిన తప్పును సవరిస్తూ ఇచ్చే ప్రకటనకు "ఎర్రాటమ్", "కారిజెండమ్" అనే లాటిన్ మాటలున్నాయి. బహువచనాలు "ఎర్రాటా", "కారిజెండా". చాలా పరిశోధన పత్రికల్లో ప్రచురణకర్త చేసిన తప్పుకు మొదటిది, రచయిత చేసిన తప్పుకు రెండోది వాడతారు.

ఎదుటివాళ్ల తప్పు చూపించేటప్పుడు

తెలుగులో "సార్, ఇక్కడ తప్పుంది చూడండి" అంటే "సార్", "అండి" కలిసి మాటను మెత్తబరుస్తాయి. ఇంగ్లిష్‌లో ఆ పని "ఐ థింక్", "మైట్", "సీమ్స్" లాంటి మాటలు చేస్తాయి. "యూ మేడ్ ఎ మిస్టేక్" అనేది వాక్యంగా సరైనదే, కానీ వేలెత్తి చూపినట్టు ఉంటుంది. కర్తగా "యూ"ను తీసేసి, తప్పునే కర్తగా పెట్టండి: "ఐ థింక్ దేర్ మైట్ బి ఎ మిస్టేక్ ఇన్ ద టోటల్." "దేర్ సీమ్స్ టు బి యాన్ ఎర్రర్ ఆన్ పేజ్ ఫోర్." హోటల్లో మీ బుకింగ్ లేదంటే "దేర్ మస్ట్ బి సమ్ మిస్టేక్" అంటే గొడవ పెట్టుకోకుండానే గట్టిగా నిలబడ్డట్టు. పై అధికారితో "కరెక్ట్ మి ఇఫ్ ఐ యామ్ రాంగ్, బట్" అని మొదలుపెట్టండి. మీ తప్పు మీరు చెప్పేటప్పుడు "ఐ" ఉండాలి, ఇంకొకరిది చెప్పేటప్పుడు "యూ" ఉండకూడదు.

వాడుక మాటలు, జాతీయాలు

"మెస్ అప్" ఎక్కడైనా చెల్లుతుంది: "ఐ మెస్డ్ అప్." "స్క్రూ అప్" అదే అర్థం, కానీ మొరటు, పెద్దల ముందు వద్దు. బ్రిటిష్ వాడుకలోని "కాక్-అప్" ఇంకా మొరటు, విని అర్థం చేసుకుంటే చాలు. "స్లిప్ అప్" మెత్తని మాట. "అప్" మరిచిపోయి "ఐ స్లిప్ట్" అంటే కాలు జారి పడ్డారనుకుంటారు. మంచి అవకాశం చేజార్చుకుంటే "ఐ బ్లూ ఇట్". పనిని చెడగొట్టడం "బాచ్" లేదా "బంగిల్".

జాతీయాలు అచ్చం ఉన్నట్టే వాడాలి, ఒక్క మాట మార్చినా చెడిపోతాయి. "జంప్ ద గన్" పరుగు పందెం నుంచి వచ్చింది, పిస్టల్ పేలకముందే దూకడం, అంటే తొందరపడటం. "గెట్ ద రాంగ్ ఎండ్ ఆఫ్ ద స్టిక్" అంటే విషయాన్ని పూర్తిగా అపార్థం చేసుకోవడం. "బార్క్ అప్ ద రాంగ్ ట్రీ" అంటే తప్పు చోట వెతకడం, తప్పు మనిషిని అనుమానించడం. ఇది దాదాపు ఎప్పుడూ ఇంగ్ రూపంలోనే వస్తుంది: "యూ ఆర్ బార్కింగ్ అప్ ద రాంగ్ ట్రీ." "పుట్ యువర్ ఫుట్ ఇన్ యువర్ మౌత్" అంటే ఎదుటివాళ్లు నొచ్చుకునే మాట తెలియక అనేయడం, బ్రిటన్‌లో "పుట్ యువర్ ఫుట్ ఇన్ ఇట్" అంటారు. ఎవరు అన్నారో దాన్నిబట్టి "యువర్" మారుతుంది: "హి పుట్ హిజ్ ఫుట్ ఇన్ హిజ్ మౌత్." అప్పగించిన బాధ్యత వదిలేస్తే "డ్రాప్ ద బాల్", ఇది ఆఫీసుల్లో ఎక్కువ. తన పనితో తనకే నష్టం తెచ్చుకుంటే "షూట్ యువర్‌సెల్ఫ్ ఇన్ ద ఫుట్". మొత్తం బెడిసికొట్టి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే "బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్". ఒక్కో మెయిల్‌లో ఒక్క జాతీయం కన్నా ఎక్కువ వద్దు. ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు రాసేటప్పుడు అదీ వద్దు.

పలుకుబడి, స్పెల్లింగ్

మిస్టేక్‌లో ఒత్తి పలకాల్సింది రెండో భాగం, "టేక్". మొదటి భాగం తేలిపోవాలి. ఎర్రర్‌లో ఒత్తి పలకాల్సింది మొదటి "ఎ". మనం తెలుగులో ద్విత్వంతో రాసినా ఇంగ్లిష్‌లో ఆ ఆర్ ఒక్కటే వినిపిస్తుంది. మిక్స్-అప్, స్లిప్-అప్ నామవాచకాలైతే మధ్యలో గీత ఉంటుంది, ఒత్తి పలకడం మొదటి మాట మీద. క్రియలైతే గీత ఉండదు, "అప్" గట్టిగా పలుకుతుంది. మిస్‌ప్రనౌన్స్ క్రియలో "నౌన్" ఉంటుంది, నామవాచకం మాత్రం "మిస్‌ప్రనన్సియేషన్", అందులో "నన్" తప్ప "నౌన్" రాదు. రాతలోనూ ఎన్ తర్వాత ఓ ఉండదు, యు ఒక్కటే ఉంటుంది. మిస్టేక్‌లో ఎస్ ఒక్కటే. మిస్‌స్పెల్‌లో ఉపసర్గ చివరి ఎస్, స్పెల్ మొదటి ఎస్ కలిసి రెండు ఎస్‌లు ఉండాలి.